పందెం మధ్యలో నల్లబడే తెర

గుడియాత్తం
ఆడి నెల, మంగళవారం

నాయనా వినోదూ,

నేను కార్తి వాళ్ళ అమ్మను, కాళియమ్మను. మీరిద్దరూ పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు మా ఇంటికి వచ్చి, సంగటి వద్దు దోసెలు పొయ్యమని అడిగేవాడివే, ఆ అమ్మను. వాడి కర్మకు నువ్వు వచ్చావని తర్వాత చెప్పారు. నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదట నేను. మనసులో పెట్టుకోవద్దు. ఆ రోజు ఎవరు వచ్చిందీ ఎవరు పోయిందీ నాకు తెలియలేదు.

నాకు తెలుగు బడిలో నాలుగో తరగతి దాకే చదువు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. మీ నాయన ఏసుదాస్ గారు బైబిలు చదివించి నీకు తెలుగు అక్షరాలు నేర్పించారని కార్తి చెప్పేవాడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. టెలిఫోను బూత్‌లో మాట్లాడదామంటే వెనకాల నిలబడ్డవాళ్ళంతా వింటారు. ఇంట్లో మీ అప్పకు, అదే కార్తి వాళ్ళ నాయనకు, తెలుగు మాట్లాడటమే గాని చదవటం రాదు, అరవమే చదువుతాడు. కాబట్టి నువ్వు రాసే జాబు బల్ల మీద పడి ఉన్నా భయం లేదు.

సంగతి ఏమంటే, కార్తి ఒక్కొక్క సామానూ తెచ్చి తనే బిగించుకున్న కంప్యూటర్ మా నడింట్లో అట్లే ఉంది. వాడు కామెర్లతో పోయిన మాసి నెల నుంచి, ఈ అయిదు నెలలుగా, మీ అప్ప పనికి పోలేదు. నలభై ఇళ్ళకు గోడలు లేపిన మేస్త్రి, తాపీ ముట్టడం లేదు. ఎవరితోనూ మాట్లాడడు, నాతో కూడా. పొద్దున లేచి ఆ కంప్యూటర్ ముందర కూర్చుంటాడు. అందులో కార్ల పందెం ఆట ఉంది కదా, అది ఆడతాడు. సైకిలు తప్ప ఇంకేదీ తొక్కని మనిషి! ఆట మొదలయ్యేటప్పుడు తెర మీద కార్తి పేరు వస్తుంది. వాడే రాసి పెట్టుకున్నాడట, నడిపేవాడి పేరని. ఆ పేరుతోనే ఈయన నడుపుతాడు. వాణ్ణి మొదటి స్థానంలో గెలిపించాలని ఈయన పట్టు.

ఇప్పుడు కొన్నాళ్ళుగా పందెం మధ్యలో తెర నల్లబడిపోతోంది. కళ్ళు రెండుసార్లు మూసి తెరిచేంత సేపు. మళ్ళీ దానంతటదే వస్తుంది. వచ్చేసరికి కారు గోడకు గుద్దుకుని ఉంటుంది. అప్పుడు ఆయన మొఖం చూడలేను నాయనా. ఆ పూట అన్నం ముట్టడు.

ఆ కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని నాకు భయం. ఒకోసారి అది ఆగిపోతేనే మంచిదేమో, పనికి పోతాడేమో అని కూడా అనిపిస్తుంది. ఏది కోరుకోవాలో నాకు తెలియడం లేదు. అది ఎందుకు నల్లబడుతుందో మాత్రం చెప్పు.

కాళియమ్మ


వేలూరు
ఆగస్టు 3, 1999

అమ్మకు నమస్కారం.

మీ జాబు మా అంగడికి వచ్చింది. నేను కొత్త బస్టాండు దగ్గర కంప్యూటర్లు బిగించి అమ్మే చోట పని చేస్తున్నాను. మీరు రాసిన దాంట్లో నాకు తప్పులేమీ కనపడలేదు. నా తెలుగే పాత నిబంధన మాదిరి ఉంటుంది, నవ్వుకోకండి.

తెర ఎందుకు నల్లబడుతుందో దూరం నుంచి చెప్పలేను. మీరు కొన్ని చూసి రాయండి. పైన టీవీ లాగా ఉండేదాని పేరు మానిటర్. దాని ముందర కింద చిన్న దీపం ఉంటుంది, పచ్చగా. తెర నల్లబడినప్పుడు ఆ దీపం పచ్చగానే ఉంటుందా, ఆరిపోతుందా, రంగు మారుతుందా? కారు శబ్దం వస్తూనే ఉంటుందా? ఆట ఆడనప్పుడు కూడా నల్లబడుతుందా? మానిటర్ వెనకాల నుంచి ఒక లావు వైరు కింద పెట్టెకు పోతుంది. దాని కొసకు అటూ ఇటూ రెండు స్క్రూలు ఉంటాయి, చేత్తోనే తిప్పవచ్చు. వదులుగా ఉంటే బిగించండి. గ్రైండరు వేసినప్పుడే ఇట్లా అవుతుందేమో అది కూడా చూడండి.

ఆ ఆట నేను, కార్తి కలిసి ఎక్కించిందే. వాడు మూడో మలుపు దగ్గర ఎప్పుడూ గుద్దేవాడు.

మీ
వినోద్‌కుమార్


గుడియాత్తం
ఆడి అమావాస్య అయిన మరునాడు

నాయనా వినోదూ,

నువ్వు చెప్పినవన్నీ చూశాను. ఇల్లు ఊడుస్తున్నట్టు చీపురు పట్టుకుని మీ అప్ప వెనకాలే నిలబడ్డాను. ఊడ్చిన చోటే ఊడుస్తుంటే ఆయన ఒకసారి తిరిగి చూసి మళ్ళీ ఆటలో పడ్డాడు.

దీపం ఆరిపోదు. పచ్చనిది పోయి పండిన బొప్పాయి రంగుకు తిరుగుతుంది. తెర వచ్చేసరికి మళ్ళీ పచ్చగా అవుతుంది. కారు శబ్దం మాత్రం ఆగదు. అదే నాకు దిగులు. మనిషి కనపడకుండా గొంతు మాత్రం వినిపిస్తున్నట్టు ఉంటుంది. ఆట ఆడనప్పుడు నల్లబడదు. గ్రైండరు వేసి చూశాను, వేయకుండా చూశాను, తేడా లేదు. స్క్రూలు బిగిస్తుంటే ఆయన ఏం చేస్తున్నావన్నాడు. బూజు అన్నాను. నాలుగు రోజులకు ఆయన నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే.

ఎందుకైనా మంచిదని బల్ల కాలికి నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టాను. నువ్వు చర్చికి పోయేవాడివి, నవ్వుకుంటావేమో. దానితో కూడా ఏమీ కాలేదు.

మీ అప్పతో పని చేసే ఆరుముగం వారానికొకసారి పనికి పిలవడానికి వస్తాడు. మొన్న వచ్చి వాకిట్లో నిలబడి, “ఏం మేస్త్రీ, కారు నేర్చుకుంటా ఉండావా? నువ్వు కట్టిన మెట్లే వంకరగా ఉండాయి, ఇంక రోడ్డు యాడ తిన్నగా పోతావు?” అన్నాడు. ఇంతకు ముందైతే మీ అప్ప నాలుగు అంటించి ఉండేవాడు. ఇప్పుడు తల కూడా తిప్పలేదు. ఆరుముగం నా దగ్గరకు వచ్చి మెల్లగా, వచ్చే సంవత్సరం పుట్టగానే లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ చచ్చిపోతాయట, పేపర్లో రాశారు, ఇది ముందుగానే మొదలు పెట్టిందేమో అన్నాడు. నిజమేనా నాయనా? అట్లయితే నాకిప్పుడే చెప్పు. చివరి దాకా దాచి చెప్పేది వద్దు.

కాళియమ్మ


వేలూరు
ఆగస్టు 19

అమ్మకు నమస్కారం.

ఆరుముగం గారి మాట నమ్మకండి. ఆ గొడవ తేదీలకు సంబంధించింది, తెరకు సంబంధం లేదు.

దీపం రంగు మారుతోంది గాని ఆరడం లేదు అంటే మానిటర్ బాగానే ఉంది. కింద పెట్టె నుంచి బొమ్మ రావడం ఆగిపోతే, నాకేమీ అందడం లేదు అని చెప్పడానికి అది ఆ రంగుకు మారుతుంది. కాబట్టి లోపం కింద పెట్టెలో ఉంది. అందులో బొమ్మలు గీసి పైకి పంపే కార్డు ఒకటి ఉంటుంది. మామూలుగా దానికి పని తక్కువ. కార్లు పరిగెత్తేటప్పుడు రోడ్డు, చెట్లు, గోడలు అన్నీ వెంటవెంటనే గీయాలి, అప్పుడు బాగా వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి దాని మీదే చిన్న ఫ్యాను ఉంటుంది. ఆ ఫ్యాను సరిగ్గా తిరగడం లేదని నా అనుమానం.

పై ఆదివారం చర్చి అయ్యాక కాట్పాడి నుంచి బస్సెక్కి వస్తాను. ఊరికే చూసి పోదామని వచ్చానని అప్పతో చెబుతాను.

మీ
వినోద్‌కుమార్


గుడియాత్తం
పురటాసి నెల

నాయనా వినోదూ,

నువ్వు వచ్చి పోయాక మూడు వారాలు తెర నల్లబడలేదు. మీ అప్ప నాతో ఏమీ చెప్పలేదు గాని రెండు పూటలా తిన్నాడు. ఒకసారి కార్తికి రెండో స్థానం వచ్చింది. ఆ రోజు వాకిట్లోకి వచ్చి కాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు మళ్ళీ మొదలైంది.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఆ రోజు నువ్వు పెట్టె మూత తీయగానే మీ అప్ప నన్ను కాఫీపొడికి అంగడికి పంపాడు. ఇంట్లో పొడి ఉంది. ఉందని చెప్పినా పొమ్మన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి మూత వేసేశారు, ఆయన చేతులు కడుక్కుంటున్నాడు, నువ్వు నేల చూస్తున్నావు. ఏముంది లోపల అంటే దుమ్ము అన్నావు. దుమ్ముకు అంత మొఖం పెట్టుకోవాలా? నేను దినానికి రెండుసార్లు ఊడుస్తాను. దుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

నిన్న ఆయనే నన్ను అడిగాడు, “ఆ పిల్లోడు మళ్ళా ఎప్పుడొస్తాడు?” అని. నువ్వు రావడానికీ ఆయన అడగడానికీ మధ్యలో ఏదో ఉంది, నాకు తెలియనిది.

కాళియమ్మ


వేలూరు
అక్టోబరు 4

అమ్మకు నమస్కారం.

జవాబు ఆలస్యమైంది, మన్నించండి. అంగడిలో పని ఎక్కువగా ఉంది.

మీరు ఎంత ఊడ్చినా రోడ్డు దుమ్ము వస్తూనే ఉంటుంది. మీ వీధిలో మగ్గాలున్నాయి కదా, నూలు పీచు గాలిలో ఎగిరి వచ్చి ఫ్యానుకు పట్టుకుంటుంది. కరెంటు తక్కువగా వచ్చినా ఇట్లా కావచ్చు. కింద పెట్టెను నేల మీద కాకుండా కాస్త ఎత్తులో, ముక్కాలి పీట మీద పెట్టండి. శుక్రవారం సాయంత్రాలు కిటికీ తెరిచి పెడితే మంచిది. దీపావళికి ముందు ఒకసారి వచ్చి మళ్ళీ శుభ్రం చేస్తాను. భయపడవలసింది లేదు.

మీ
వినోద్‌కుమార్


గుడియాత్తం
ఐప్పసి నెల

వినోదూ,

నీ జాబు నాలుగుసార్లు చదివాను. ఒకచోట రోడ్డు దుమ్మంటావు, ఒకచోట నూలు పీచు అంటావు, ఒకచోట కరెంటు అంటావు. నిజం చెప్పేవాడికి ఇన్ని కారణాలు అవసరం లేదు. సరే, అవన్నీ పోనీ. శుక్రవారం కిటికీ తెరవమని ఎందుకు రాశావు? మగ్గాలు శుక్రవారం మాత్రమే ఆడతాయా?

ఇంకొకటి కూడా చెబుతాను. శనివారం పొద్దున కొళాయి దగ్గర నీళ్ళు లేవని తొందరగా తిరిగి వచ్చాను. మీ అప్ప ఆ పెట్టెను బోర్లించి, సున్నం కొట్టే బ్రష్షుల్లో చిన్నది తీసుకుని లోపల ఏదో తుడుస్తున్నాడు. నన్ను చూసి గబగబా మూత వేశాడు. బ్రష్షు పంచెలో దాచుకున్నాడు. పంచెకు నల్లగా అంటుకుంది. ఏమిటది అంటే “మసి” అన్నాడు. ఎక్కడి మసి అంటే చెంబు తీసుకుని పెరట్లోకి పోయాడు.

మీరిద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. ఆ పెట్టె ఇంక బతకదని తెలిసిపోయిందా? అదే అయితే చెప్పు. డాక్టరు వరండాలో చెప్పిన మాట నేను నిలబడి విన్నదాన్ని. పెట్టె సంగతి వినలేనా?

కాళియమ్మ


వేలూరు
నవంబరు 1

అమ్మా,

అప్పకు మాట ఇచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. మూడు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ఆ ఆదివారం మూత తీసినప్పుడు లోపల దుమ్ము పెద్దగా లేదు. ఆ చిన్న ఫ్యాను రెక్కలకు మాత్రం నల్లగా, జిగటగా ఏదో పట్టి ఉంది. పొయ్యి పైన ఇంటి కప్పుకు పట్టే మసి మాదిరిగా. ఫ్యాను సగం తిరిగి నిలిచిపోతోంది. అది ఏమిటో నాకు తెలియలేదు, మా ఇంట్లో ఆ వాడకం లేదు. అప్ప వేలితో కాస్త తీసి వాసన చూశారు. తర్వాత “సాంబ్రాణి” అన్నారు.

కార్తి ఫోటో ఆ బల్ల పైనే గోడకు ఉంది కదా. శుక్రవారం శుక్రవారం మీరు వాడికి పొగ వేస్తారని అప్పుడు అప్ప చెప్పారు. ఆ పొగే లోపలికి పోయి, ఫ్యానుకు పట్టి, కార్డు వేడెక్కి, బొమ్మ ఆగిపోతోంది. అంతే, వేరే జబ్బేమీ లేదు. అమ్మతో చెబుదాం, ఫోటో ఇంకో చోట పెట్టుకుంటారు అన్నాను. అప్ప నా చెయ్యి పట్టుకుని అన్నది అట్లే రాస్తున్నాను.

“ఆమెకి చెప్పొద్దప్పా. వాడికని ఆమె చేసుకునేది వారానికి ఆ ఒక్కటే. నాకేమి, ఆడతా ఆడతా నల్లబడితే తాళుకుంటా. అది నిలిపేస్తే ఆమె తాళలేదు.”

ఎట్లా శుభ్రం చేయాలో నా దగ్గర నేర్చుకున్నారు. అందుకే శనివారం శనివారం తుడుస్తున్నారు. నేను మీకు అబద్ధాలు రాశాను. ఏది రాసినా ఎవరికో ఒకరికి తప్పు చేసినట్టే ఉంది.

మీ
వినోద్‌కుమార్


గుడియాత్తం
ఐప్పసి నెల ఆఖరు

నాయనా వినోదూ,

నీ జాబు చదివి మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత ఆ పెట్టె మీద. ఇప్పుడు ఎవరి మీద కోపపడాలో తెలియడం లేదు.

నీకొకటి చెబుతాను, ఇది ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం మీ అప్ప నీళ్ళు పోసుకోవడానికి లేస్తాడు, కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది. వాడి వస్తువు వెలుగుతున్నప్పుడే చేయాలని నేను అప్పుడే నిప్పులు తెచ్చి బల్ల కింద, ఆ పెట్టె ముందర పెట్టి సాంబ్రాణి వేస్తాను. మొదటిసారి వేసినప్పుడు ఏం జరిగిందో తెలుసా? ఎవరింట్లోనైనా పొగ పైకి పోతుంది. మా ఇంట్లో పొగ పైకి పోలేదు. పెట్టె ముందర సందులున్నాయే, వాటిలోకి తిన్నగా పోయింది. నేను విసరలేదు, గాలి లేదు, కిటికీ మూసి ఉంది. దానంతటదే లోపలికి పోయింది. ఎవరో ఊపిరి పీల్చినట్టు.

వాడే తీసుకుంటున్నాడు అనుకున్నాను. చెబితే ఎక్కడ నిలిచిపోతుందోనని నోరు మెదపలేదు. ప్రతి శుక్రవారం కాస్త ఎక్కువే వేశాను, వాడికి చాలాలని. పొగ లోపలికి పోయేదాకా అక్కడే కూర్చునేదాన్ని. వారమంతా ఆ కాసేపు కోసమే ఉండేదాన్ని నాయనా.

ఇప్పుడు నువ్వు ఫ్యాను లాగింది అంటావు. చదువుకున్నవాడివి, నువ్వు చెప్పింది నిజమే అయి ఉంటుంది. అయినా నేను కళ్ళతో చూసింది ఏమయిపోవాలి? వాడికని నేను వేసింది వాళ్ళ అప్ప కళ్ళ ముందర వాడి కారును గోడకు కొట్టిందా?

సాంబ్రాణి ఆపేశాను. రెండు శుక్రవారాలు అయింది. ఆయన ఏమీ అడగలేదు. కాని రెండోవారం నీళ్ళు పోసుకుని వచ్చి, బల్ల కిందకు చూసి, నా మొఖం చూసి, ఆట ఆడకుండా పోయి పడుకున్నాడు. తెర నల్లబడటం లేదు. ఇంట్లో మాత్రం ఏదో సరిగ్గా లేదు. ఏం చేయమంటావు?

కాళియమ్మ


వేలూరు
నవంబరు 24

అమ్మా,

మీరు చూసింది అబద్ధమని నేను అనలేదు. పొగ లోపలికి పోవడం నిజం. ఎందుకు పోయిందో మాత్రమే నాకు తెలుసు. అంతకంటే నాకు తెలిసింది ఏమీ లేదు.

ఫోటోను వంటింటి గోడకు మార్చవచ్చు. లేదా కంప్యూటర్‌ను ముందర గదిలోకి మార్చవచ్చు. వచ్చి వైర్లు నేను మారుస్తాను. ఏది మార్చాలో మాత్రం నన్ను అడగకండి. మీరిద్దరూ మాట్లాడుకుంటే బాగుంటుందని అనిపిస్తుంది. చిన్నవాణ్ణి, మీరే మన్నించాలి.

మీ
వినోద్‌కుమార్


గుడియాత్తం
కార్తిక దీపం అయిన తర్వాత

నాయనా వినోదూ,

నువ్వు వచ్చి మార్చవలసిన పని లేదు. ఏదీ మార్చలేదు. జరిగింది రాస్తాను.

పోయిన శుక్రవారం నేను వంటింట్లో ఉన్నాను. సాంబ్రాణి వాసన వచ్చింది. ఉలిక్కిపడి నడింట్లోకి పోతే మీ అప్ప పొయ్యిలోని నిప్పులు తానే తీసుకుపోయి, ఫోటో ముందర పెట్టి, చేతిలో సాంబ్రాణి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కంప్యూటర్ ఆపేసి ఉంది. దాని మీద తన టవలు కప్పాడు.

“నువ్వే వెయ్యి” అన్నాడు.

నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోయింది. నువ్వు చెప్పావా అని కూడా అడగలేదు. నేను వేశాను. పెట్టె ఆపేసి ఉంది కదా, పొగ లోపలికి పోలేదు. అందరిళ్ళలో లాగే పైకి పోయింది. కప్పు దాకా పోయి అక్కడే తిరిగి, బయటికి దారి లేక మళ్ళీ కిందికి దిగింది. ఇద్దరమూ దగ్గుతూ నిలబడ్డాం. నేను ఏడ్చాను. అది పొగకు వచ్చిందో ఏమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మరునాడు పొద్దున ఏదో కొడుతున్న శబ్దం. చూస్తే ఆయన సుత్తి, ఉలి తీసుకుని నిచ్చెన ఎక్కి ఫోటోకు పైన గోడ పగలగొడుతున్నాడు. కంప్యూటర్‌ను సిమెంటు సంచులతో పొట్లం మాదిరిగా చుట్టి పెట్టాడు. ఏం చేస్తున్నావు, గట్టి గోడ అంటే, “కట్టినోడికి తెలీదా?” అన్నాడు. పొగ పోవడానికి జాలీ పెడుతున్నాడు. మాసి నెల తర్వాత ఆయన చేతిలో తాపీ చూడటం అదే మొదలు. మునుపు సిత్తాళ్ళు, అదే కూలివాళ్ళు, అందించేవాళ్ళు, ఇప్పుడు నేను సిమెంటు కలిపి అందించాను. నీళ్ళు ఎక్కువయ్యాయని తిట్టాడు కూడా.

జాలీ చుట్టూ పూస్తూ, గోడ వైపే చూస్తూ అడిగాడు.

“పొగ వేసేటప్పుడు వాడితో ఏం మాట్లాడతావు?”

“ఏం మాట్లాడతా. అన్నం తింటివా నాయనా అంటా.”

కాసేపు తాపీ ఆడలేదు. తర్వాత అన్నాడు, “కారు గోడకి గుద్దుకుంటే నేనూ అడగతా. దెబ్బ తగిలిందా నాయనా అని.”

ఆయన భుజాలు కదలడం కనపడింది. దిగిరా అన్నాను. “కలిపిన సిమెంటు కాచుకోదు” అన్నాడు. అట్లే ఏడుస్తూ పూశాడు. గిన్నెలో ఉన్నదంతా అయిపోయాకే దిగాడు.

పూత ఆరేదాకా రెండు దినాలు ఆ సంచులు విప్పలేదు. చూడటానికి ఏమీ లేదు కదా, వాడి గురించి మాట్లాడుకున్నాం. వాడు దోసె అంచులు మాత్రం తిని నడిమిది వదిలేసే సంగతి ఆయనకు తెలియదు. సైకిలు నేర్చుకునేటప్పుడు మోకాలు చీరుకుని, అమ్మకు చెప్పొద్దని ఆయన దగ్గర ఒట్టు పెట్టించుకున్న సంగతి నాకు తెలియదు. ఒకరి దగ్గర సగం, ఒకరి దగ్గర సగం ఉన్నాడు వాడు.

సోమవారం ఆరుముగం వచ్చాడు. పళ్ళికొండలో రోడ్డు పక్కన హోటలు కడుతున్నారట. జాలీని చూసి, ఇది మట్టంగా లేదు మేస్త్రీ అన్నాడు. “నీ కన్ను మట్టంగా లేదు” అని మీ అప్ప టిఫిను క్యారియరు తీసుకుని వాడి వెనకాల పోయాడు.

అన్నీ మంచిగానే జరిగాయి. అయినా నీకు నిజం చెప్పాలి. ఆయన పోయాక ఇల్లు చాలా నిశ్శబ్దంగా అయిపోయింది. ఇన్ని నెలలు పొద్దస్తమానం ఆ కారు మోత వింటూ ఎప్పుడు ఆగుతుందా అని విసుక్కున్నదాన్ని. ఇప్పుడు అది లేకపోతే కూర్చోబుద్ధి కాలేదు. ఆయన ఏ బటను నొక్కుతాడో వెనకాల నిలబడి చూసి ఉన్నాను కదా. మెల్లగా సంచులు తీసి నొక్కాను. ఆట వచ్చింది. వాడి పేరు వచ్చింది. నాకు నడపడం రాదు. మిగతా కార్లన్నీ వెళ్ళిపోయాయి, వాడి కారు ఒక్కటే గీత దగ్గర నిలబడి ఉరుముతూ ఉంది. ఎక్కడికీ పోలేదు. తెర నల్లబడలేదు.

నేను ఆ శబ్దం వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను.

కాళియమ్మ